పదో నంబరు ఇచ్చే చోటికి

కార్క్,
ఆదివారం

మేనల్లుడికి,

నీ ఉత్తరం అందింది. మోకాలు కుదుటపడిందని, కిక్కింగ్ సాధన పెంచావని రాశావు. చదివి మీ అత్తయ్య, నేను సంతోషించాం. అసలు సంగతి మాత్రం రాయలేదు. అది మీ అమ్మ ఫోన్‌లో చెబితే తెలిసింది. వచ్చే సీజన్‌కి గాల్వే రమ్మని కొనాక్ట్ రగ్బీ జట్టు వాళ్లు అడిగారట. మీ నాన్న వద్దన్నారట. నువ్వు ఔననీ కాదనీ అనకుండా తిండి తగ్గించి తిరుగుతున్నావట. దాచినందుకు నాకు కోపం లేదురా. ఇరవై ఒక్క ఏళ్లకు ఇలాంటి ప్రశ్న ఎదురైతే ఎవరికైనా మాట గొంతులోనే ఆగిపోతుంది. కానీ కడుపు మాడ్చుకుని తీసుకునే నిర్ణయం కాదిది. ముందు వేళకు తిను, తర్వాత ఈ ఉత్తరం చదువు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వెళ్లడమే మంచిదని నేననుకుంటున్నాను, ఒక్క షరతు మీద. వాళ్లు నిన్ను ఫ్లై-హాఫ్‌గా, పదో నంబరు జెర్సీలో ఆడించడానికే పిలుస్తుండాలి. "ముందు ఫుల్-బ్యాక్‌లో ఆడు, తర్వాత చూద్దాం" అనేటట్లయితే కదలకు. మీ ఇంట్లో వాదన అంతా ఇప్పుడు నువ్వున్న లెన్‌స్టర్ గొప్పదా, కొనాక్ట్ గొప్పదా అన్న దాని మీద నడుస్తున్నట్టుంది. దానికి జవాబు అందరికీ తెలుసు. 2009కీ 2018కీ మధ్య నాలుగుసార్లు యూరప్ కప్పు ఎత్తిన జట్టు లెన్‌స్టర్. కొనాక్ట్ పెద్ద టైటిల్ అంటే 2016 లీగ్ ఒక్కటే. పోల్చి లాభం లేదు. నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న వేరు. వచ్చే రెండేళ్లు మ్యాచ్ జరిగే ఆ ఎనభై నిమిషాలూ నువ్వు మైదానంలో ఉంటావా, ట్రాక్‌సూట్ వేసుకుని పక్కన ఉంటావా? ఒక ప్రావిన్స్ జట్టు నుంచి మరో ప్రావిన్స్ జట్టుకి మారడం గురించి ఐర్లండ్‌లో జరిగే చర్చ అంతా విధేయత, ఆశ, డబ్బు అంటూ తిరుగుతుంది గానీ, ఇప్పటిదాకా మారినవాళ్ల జీవితాలు చూస్తే చివరికి తేల్చింది ఈ ఒక్క ప్రశ్నే.

దీనికి 2018 వేసవిని మించిన సాక్ష్యం లేదు. అప్పుడు లెన్‌స్టర్‌లో ఫ్లై-హాఫ్ జానీ సెక్స్‌టన్ వెనక ఇద్దరు కుర్రాళ్లున్నారు, జోయీ కార్బరీ, రాస్ బైర్న్. అల్‌స్టర్‌కి ఫ్లై-హాఫ్ అవసరమై, మీలో ఒకరు బెల్‌ఫాస్ట్ వెళ్లండని ఐర్లండ్ రగ్బీ యూనియన్ అడిగిందని ఆనాటి పత్రికలు రాశాయి. రాస్ వెళ్లనన్నాడు. కార్బరీ బెల్‌ఫాస్ట్ బదులు మున్‌స్టర్‌ని ఎంచుకున్నాడు. అతను అప్పటికి అనామకుడేమీ కాదు. 2016 నవంబరులో షికాగోలో ఐర్లండ్ చరిత్రలో మొదటిసారి న్యూజీలండ్‌ను ఓడించింది, 40-29తో. ఆ మ్యాచ్‌తోనే కార్బరీ అంతర్జాతీయ రంగంలో అడుగుపెట్టాడు, సెక్స్‌టన్ బయటికి వచ్చాక పదో స్థానంలో ఆడాడు. అలాంటివాడిని లెన్‌స్టర్‌లో ఎక్కువగా ఫుల్-బ్యాక్‌లో ఆడించారు, పది సెక్స్‌టన్‌ది కాబట్టి. మున్‌స్టర్‌కి వెళ్లాక మొదటి సీజన్ బాగానే సాగింది. 2019 ఆగస్టులో ప్రపంచ కప్పు ముందు ఇటలీతో ఆడిన సన్నాహక మ్యాచ్‌లో చీలమండ దెబ్బతింది. జపాన్ వెళ్లి ఆడాడు గానీ, ఆ తర్వాత ఏడాదికి పైగా ఆటకు దూరమై 2021 ఫిబ్రవరిలో గానీ తిరిగి రాలేదు. అదే ఏడాది చివర మోచెయ్యి. ఈలోగా మున్‌స్టర్‌లోనే పెరిగిన జాక్ క్రౌలీ ఆ జెర్సీ అందుకున్నాడు. 2024లో కార్బరీ ఫ్రాన్స్‌కి, బోర్దోకి వెళ్లిపోయాడు. మీ నాన్న నీకు చూపించి భయపెట్టే కథ ఇదే అయివుంటుంది.

అయితే ఉండిపోయినవాడి కథ కూడా పూర్తిగా చెప్పుకోవాలి కదా. రాస్‌కి లెన్‌స్టర్‌తో పతకాలు దక్కాయి. 2022 నవంబరులో ఆస్ట్రేలియా మీద ఆఖరి నిమిషాల్లో పెనాల్టీ కొట్టి 13-10తో గెలిపించింది అతనే. 2023 ప్రపంచ కప్పు జట్టులోనూ ఉన్నాడు. కానీ సెక్స్‌టన్ రిటైరైన నాడు, అన్నేళ్లూ అతని వెనకే ఓపిగ్గా నిలబడ్డ మనిషికి ఐర్లండ్ పదో నంబరు దక్కలేదు. 2024 సిక్స్ నేషన్స్‌లో అది క్రౌలీకి వెళ్లింది, ఆ ఏడాది చివరికి శామ్ ప్రెండర్‌గాస్ట్ పోటీకి వచ్చాడు. 2025లో రాస్ కూడా ఇంగ్లండ్‌కి, గ్లాస్టర్‌కి వెళ్లాడు. కదిలినవాడూ కదలనివాడూ ఇద్దరూ చివరికి దేశం దాటినవాళ్లే. కాబట్టి కార్బరీని చూపి వెళ్లకూడదనడం సరికాదు. అతని చీలమండ దెబ్బతిన్నది ఐర్లండ్ జెర్సీలో. లెన్‌స్టర్‌లోనే ఉండివున్నా ఆ మ్యాచ్‌కి ఆ రోజు వెళ్లేవాడే. దెబ్బ తగలడం మన చేతిలో లేదు, స్థానం ఎంచుకోవడం ఉంది. ఇద్దర్నీ దాటి ముందుకు వెళ్లిన క్రౌలీకి ఉన్నదేమిటి? 2023 మేలో లీగ్ సెమీఫైనల్లో డబ్లిన్‌లో లెన్‌స్టర్ మీద డ్రాప్ గోల్ కొట్టి 16-15తో గెలిపించిన రోజున అతనికి ఇరవై మూడేళ్లు, ఒంటి మీద పదో నంబరు. అదే నెలలో కేప్‌టౌన్‌లో ఫైనల్ కూడా ఆడి గెలిచాడు. అలాంటి రోజులు ఆడినవాడి మీద సెలెక్టర్లకు నమ్మకం కలుగుతుంది. శిక్షణ మైదానంలో ఎంత బాగా ఆడినా ఆ నమ్మకం రాదు.

ఈ నంబరు సంగతి కొంచెం ఎక్కువే చెబుతాను, విసుక్కోకు. నువ్వు పదిలోనూ, సెంటర్ ఆడే పన్నెండులోనూ, ఫుల్-బ్యాక్ ఆడే పదిహేనులోనూ ఆడగలవు. అందరూ మెచ్చుకుంటారు, కోచ్‌లు మరీ మెచ్చుకుంటారు. నాకు భయం వేసేది అక్కడే. మ్యాచ్‌కి తీసుకెళ్లేది ఇరవై ముగ్గురిని. పదిహేను మంది ఆడతారు, ఎనిమిది మంది బెంచీ మీద. ఆ ఎనిమిదిలో ఫార్వర్డ్‌లకు ఐదో ఆరో పోతాయి. బ్యాక్‌లకు మిగిలేది మూడు, ఒక్కోసారి రెండే. వాటిలో ఒకటి స్క్రమ్-హాఫ్‌ది. అంటే కోచ్‌కి కావాల్సింది ఏ స్థానం ఖాళీ అయినా సర్దగల ఒక్క మనిషి. ఎవరికి మూడు స్థానాలు వస్తే వాడు ఆ బెంచీకి సరిగ్గా సరిపోతాడు, సరిపోతాడు కాబట్టి అక్కడే ఉండిపోతాడు. ఇయన్ మాడిగన్ లెన్‌స్టర్‌లో పదిలో, పన్నెండులో, పదిహేనులో ఆడాడు. ఎంత నైపుణ్యం ఉన్నవాడు! 2016లో బోర్దో వెళ్లేదాకా ఒక్క నంబరూ అతని సొంతమని చెప్పలేకపోయాం. కియరన్ ఫ్రాలీ 2024 జూలైలో డర్బన్‌లో బెంచీ మీదనుంచి వచ్చి, ప్రపంచ విజేతలైన దక్షిణాఫ్రికా మీద రెండు డ్రాప్ గోల్స్ కొట్టి 25-24తో గెలిపించాడు. అంతటి రోజు తర్వాత కూడా అతని స్థానం ఏదన్న చర్చ తెగలేదు. ఫుల్-బ్యాక్‌కి ఆట అంతా ఎదురుగా కనిపిస్తుంది, ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. ఫ్లై-హాఫ్‌కి బంతి చేతికి వచ్చేసరికి ప్రత్యర్థి రెండడుగుల్లో ఉంటాడు. స్క్రమ్-హాఫ్ పాస్ ఏ ఎత్తులో వస్తుందో, వానలో ఎంత ఆలస్యంగా వస్తుందో, ఇన్‌సైడ్ సెంటర్ ఎటు పరిగెత్తుతాడో, అలసిపోయిన ఫార్వర్డ్‌లకి ఎప్పుడు ఊపిరి తీసుకునే అవకాశం ఇవ్వాలో, ఇవన్నీ వారం వారం అదే చోట నిలబడితే గానీ ఒంటికి పట్టవు. ఒక వారం పదిహేనులో, ఇంకో వారం పన్నెండులో ఆడి, నాలుగు వారాలకోసారి పదికి వచ్చేవాడికి ప్రతిసారీ అది కొత్త ఉద్యోగమే. మీ అమ్మ దగ్గర ఈ మాట ఎన్నిసార్లు అన్నానో, మీ అత్తయ్య దగ్గర ఎన్నిసార్లు అన్నానో. పదిహేను నీది కాదు. పన్నెండు నీది కాదు. బెంచీ మీద కూర్చునే ఇరవై రెండూ నీది కాదు. పదే నీది. నీ ఎడమకాలి కిక్ చూసినవాళ్లెవరైనా అదే చెబుతారు. మరీ గట్టిగా మాట్లాడుతున్నానేమో, నొచ్చుకోకు నాన్నా. నీ మీద ఉన్న ఆశ అలా అనిపిస్తోంది.

ఇక మీ నాన్న వాదన. ఐర్లండ్ జట్టులో సగానికి పైగా లెన్‌స్టర్ వాళ్లే ఉంటారు, కాబట్టి ఐర్లండ్‌కి దారి లెన్‌స్టరే అంటారు. ఈ వాదనలో బలం ఉంది, నేను కాదనను. జాన్ కూనీ డబ్లిన్ వాడు. లెన్‌స్టర్ నుంచి కొనాక్ట్‌కి, అక్కణ్నుంచి 2017లో అల్‌స్టర్‌కి వెళ్లాడు. స్క్రమ్-హాఫ్ రువాన్ పియనార్ కాంట్రాక్టును యూనియన్ పొడిగించనివ్వకపోవడంతో ఖాళీ అయిన స్థానం అది, బెల్‌ఫాస్ట్ జనం పియనార్‌ని ఎంతగా ప్రేమించారో చెప్పలేం. ఆ కోపం మధ్యలో అడుగుపెట్టి, ఆ జనమే నెత్తిన పెట్టుకునేలా ఆడాడు కూనీ. అయినా 2019 ప్రపంచ కప్పుకి అతన్ని కాదని లెన్‌స్టర్ స్క్రమ్-హాఫ్ లూక్ మగ్రాని తీసుకెళ్లారు. బాధ కలిగించే సంగతే. కానీ కూనీ డబ్లిన్‌లోనే ఉండిపోయి ఉంటే ఆ జాబితా తయారయ్యే గదిలో అతని పేరు చర్చకైనా వచ్చేదా? అవతలి సాక్ష్యం కూడా చూడు. రాబీ హెన్‌షా 2013లో ఐర్లండ్‌కి ఆడింది కొనాక్ట్ ఆటగాడిగానే. లెన్‌స్టర్‌కి వచ్చింది 2016లో, అప్పటికే పేరు సంపాదించుకుని. ఆండ్రూ కాన్వే లెన్‌స్టర్ వదిలి 2013లో మున్‌స్టర్‌కి వెళ్లి, అక్కణ్నుంచే ఐర్లండ్‌కి 30 మ్యాచ్‌లు ఆడాడు. 2025లో ఆస్ట్రేలియా వెళ్లిన బ్రిటిష్-ఐరిష్ లయన్స్ జట్టులో బండీ ఆకి, మాక్ హాన్సెన్ గాల్వే నుంచి వెళ్లినవాళ్లే. లెన్‌స్టర్ వాళ్లు ఐర్లండ్ జట్టులో ఎక్కువమంది ఉన్నారంటే అక్కడ మంచి ఆటగాళ్లు ఎక్కువమంది ఉన్నారని అర్థం. ఆ గుంపులో నువ్వు నిలబడ్డంత మాత్రాన వాళ్లలో ఒకడివైపోవు.

రెండో వాదన నీ మనసులోదే అయివుంటుంది, ఓపిక పడితే రోజు వస్తుందని. సెక్స్‌టన్‌కి వచ్చింది కదా అంటావు. 2009 మే 2న క్రోక్ పార్క్‌లో 82,208 మంది ముందు మున్‌స్టర్‌తో యూరప్ కప్పు సెమీఫైనల్. ఫ్లై-హాఫ్ ఫెలీపే కాంటెపోమీ మోకాలికి దెబ్బ తగిలి బయటికి వెళ్తే ఇరవై మూడేళ్ల సెక్స్‌టన్ లోపలికి వచ్చాడు. లెన్‌స్టర్ గెలిచింది, ఫైనల్ గెలిచింది, తర్వాతి కథ లోకమంతటికీ తెలుసు. అది గొప్ప రోజే. కానీ అవతలివాడి మోకాలిని నమ్ముకుని నీ జీవితానికి ప్రణాళిక వేసుకోగలవా? హ్యూగో కీనన్ కూడా ఇరవై నాలుగేళ్లదాకా ఆగి 2020లో ఐర్లండ్‌కి ఎంపికయ్యాడు, మొదటి మ్యాచ్‌లోనే రెండు ట్రైలు చేశాడు. అయితే అతను ఆగిన ఆ సంవత్సరాల్లో ఊరికే కూర్చోలేదు, ఐర్లండ్ సెవెన్స్ జట్టుతో దేశదేశాలూ తిరిగి ఆడాడు. లెన్‌స్టర్ మొదటి జట్టు కోసం ఆగాడు గానీ ఆట ఆపలేదు. నీకు అలాంటి ఏర్పాటు ఏమైనా ఉందా? ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను.

నవంబరులోనూ, సిక్స్ నేషన్స్ జరిగే ఫిబ్రవరి, మార్చిల్లోనూ లెన్‌స్టర్ పెద్దవాళ్లంతా దేశం జట్టుకి వెళ్తారు, మాబోటి కుర్రాళ్లకు అప్పుడు మ్యాచ్‌లు దొరుకుతాయి అని కిందటిసారి ఫోన్‌లో అన్నావు. నిజమే, లెన్‌స్టర్‌లో ఉండడంలో నాకు కనిపించే అసలైన లాభం అదొక్కటే. కానీ ఏప్రిల్‌లో వాళ్లు తిరిగి వస్తారు. అసలు మ్యాచ్‌లన్నీ ఏప్రిల్ నుంచి జూన్ దాకా. ఓడితే ఇంటికే అన్న మ్యాచ్‌లో, రెండు పాయింట్లు వెనకబడి, కార్నర్‌కి కొట్టాలా, గోల్‌కి కొట్టాలా అని నిర్ణయించే పని ఫిబ్రవరి కుర్రాడికి ఎన్నటికీ రాదు. గాల్వేలో ఆ నిర్ణయం తప్పో ఒప్పో నువ్వే తీసుకుంటావు. తప్పు తీసుకున్నా మళ్లీ శనివారం నువ్వే ఆడాల్సి ఉంటుంది. ఆరు నెలలు అప్పుగా వెళ్లి చూసొస్తే పోలా అనే ఆలోచనా ఉందని మీ అమ్మ చెప్పింది. దెబ్బ నుంచి కోలుకునేవాడికి అది పనికొస్తుంది. తిరిగి వెళ్లిపోయేవాడి చుట్టూ మాత్రం ఏ జట్టూ తన ఆటను అల్లుకోదు, ఫ్లై-హాఫ్ విషయంలో అసలు అల్లుకోదు.

విధేయత గురించి నాకు చులకన లేదు. ఆ నీలం జెర్సీ కోసం పన్నెండేళ్ల నుంచి కలలు కన్నావు. కానీ నాలుగు ప్రావిన్సులూ ఒకే యూనియన్ కింద నడిచేవి, అందరూ చివరికి ఒకే దేశానికి ఆటగాళ్లను తయారు చేసేవి. కిల్డేర్‌లో పెరిగిన టైగ్ బర్న్‌ని లెన్‌స్టర్ వదులుకుంది. 2016లో వేల్స్‌కి, స్కార్లెట్స్‌కి వెళ్లి, మరుసటి ఏడాదే లీగ్ గెలిచి, 2018లో మున్‌స్టర్‌కి వచ్చి, ఇవాళ ఆ జట్టుకే కెప్టెన్. 2025 లయన్స్ సిరీస్‌లో అందరికంటే మేటి ఆటగాడు అతనే. మున్‌స్టర్ ఊరైన లిమరిక్‌లో ఎవరైనా అతన్ని పరాయివాడంటారా? మీ నాన్నకి క్రికెట్ మాటల్లో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. హనుమ విహారి 2016లో హైదరాబాద్ వదిలి ఆంధ్రకు వచ్చాడు, 2018లో ఓవల్‌లో భారత్ తరఫున మొదటి టెస్టు ఆడాడు. ఆ కదలికను ద్రోహమని ఎవరూ అనలేదు. కొనాక్ట్ సంగతంటావా, 2003లో ఆ జట్టునే మూసేయాలని యూనియన్ ఆలోచిస్తే, పడమటి జనం డబ్లిన్ వీధుల్లో ఊరేగింపు తీసి కాపాడుకున్నారు. పదమూడేళ్లకు ఎడిన్‌బరాలో లెన్‌స్టర్‌నే 20-10తో ఓడించి లీగ్ గెలిచారు. ఆ రోజు ట్రై చేసినవాళ్లలో నీయీ అడెయొలకన్ ఒకడు. నైజీరియాలో పుట్టి, చిన్నతనంలో డబ్లిన్ వచ్చి పెరిగినవాడు. ఆ రోజు ఫ్లై-హాఫ్ ఏజే మెగింటీ కూడా డబ్లిన్ వాడే. నీ పేరు పలకడానికి వ్యాఖ్యాతలు తడబడతారని నువ్వు బెంగపడుతుంటావు కదా, గాల్వే జనానికి కష్టమైన పేర్లు కొత్తేమీ కాదు, బాగా ఆడితే వాళ్లే నేర్చుకుంటారు.

వయసు విషయం ఒకటి మిగిలింది. నారుమడిలో నారు ఎంత ఏపుగా ఉన్నా అదనులో పీకి నాటాలి, ముదిరిపోయాక నాటితే పిలకలు వేయదు. బర్న్ ఇరవై నాలుగేళ్లకు వెళ్లాడు కదా అంటావేమో. అతను లాక్. ఆ స్థానంలో శరీరం బరువెక్కి గట్టిపడడానికే ఏళ్లు పడతాయి. ఫ్లై-హాఫ్‌కి కావాల్సింది అనుభవం, అది మ్యాచ్‌లో తప్ప ఇంకెక్కడా దొరకదు. ఇరవై మూడు దాటి ఇరవై మ్యాచ్‌లు కూడా మొదటి నుంచి ఆడని పదో నంబరు వాణ్ని మరో ప్రావిన్స్ కూడా బెంచీ కోసమే అడుగుతుంది. అందుకే ఈ ఏడాదే తేల్చుకోమంటున్నాను.

డబ్బు గురించి మాట్లాడను, ఈ వయసులో రెండు చోట్లకీ తేడా ఎంతున్నా దాని మీద ఆధారపడి నిర్ణయించకూడదు. చదువు మాత్రం ఆపకు. గాల్వేలో మంచి విశ్వవిద్యాలయం ఉంది, డిగ్రీ అక్కడ ఎలా పూర్తి చేయొచ్చో సంతకం పెట్టకముందే కనుక్కో. లేకపోతే మీ అమ్మ నన్ను బతకనివ్వదు. శిక్షణ లెన్‌స్టర్‌లోనే బాగుంటుందన్న బెంగా వద్దు. 2025లో కొనాక్ట్ పగ్గాలు పట్టిన స్టువర్ట్ ల్యాంకాస్టర్ అంతకుముందు 2016 నుంచి 2023 దాకా లెన్‌స్టర్‌లోనే శిక్షకుడు. నీకు అలవాటైన పద్ధతులు చాలావరకు ఆయన తీర్చిదిద్దినవే.

వాళ్లని కలిసినప్పుడు మొహమాటపడకుండా నాలుగు మాటలు అడుగు. ఇప్పుడున్న ఫ్లై-హాఫ్‌ల కాంట్రాక్టులు ఎప్పటిదాకా ఉన్నాయి? ఆ స్థానానికి ఇంకెవరినైనా బయటినుంచి తెస్తున్నారా? నన్ను ఫుల్-బ్యాక్‌లో ఆడించే ఉద్దేశం ఉందా? కిందటి సీజన్‌లో మీ కుర్ర ఫ్లై-హాఫ్‌లు ఎన్ని మ్యాచ్‌లు మొదటి నుంచి ఆడారు? హామీ ఇవ్వమని అడగకు. జట్టు ఎంపికకు ఎవరూ హామీ ఇవ్వలేరు, ఇచ్చేవాణ్ని నమ్మకూడదు. మూడో ప్రశ్నకి జవాబు చెప్పకుండా మాట మారిస్తే మాత్రం టీ తాగి, నమస్కారం పెట్టి వచ్చేయ్. వచ్చాక లెన్‌స్టర్ కోచ్ దగ్గరికి వెళ్లి అవే ప్రశ్నలు ఆయన్నీ అడుగు. దాచిపెట్టి వెళ్లకు, ఇన్నేళ్లు నిన్ను పెంచినవాళ్లు.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. బావగారి భయం కొనాక్ట్ గురించి కాదు, నువ్వు ఇల్లు వదులుతావని. డబ్లిన్ నుంచి గాల్వే రెండున్నర గంటల దారి, ప్రతి హోమ్ మ్యాచ్‌కీ వచ్చి వెళ్లొచ్చని ఆయనకి నెమ్మదిగా చెబుతాను. మోకాలికి ఐస్ పెట్టడం మానకు. మీ అత్తయ్య గోంగూర పచ్చడి పంపిస్తోంది, ఉప్పు ఎక్కువ వేయొద్దని చెప్పాను గానీ వినలేదు. గాల్వే వాళ్లు ఏ రోజు రమ్మన్నారో కబురు చెయ్యి.

మీ మామయ్య